బురద కాలంలో అడవి నడక

అమెరికా ఈశాన్య మూలన మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్, కనెక్టికట్ అనే ఆరు రాష్ట్రాలు కలిసిన ప్రాంతాన్ని న్యూ ఇంగ్లండ్ అంటారు; అక్కడ చలికాలానికీ వసంతానికీ నడుమ, ఆ రెండింటిలో దేనికీ చెందని కొన్ని వారాలు ఉంటాయి. మంచు కరుగుతూ ఉంటుంది గాని పూర్తిగా పోదు, చెట్లు ఇంకా మోడులుగానే ఉంటాయి, అడుగు పెడితే నేల దిగబడుతుంది. స్థానికులు మడ్ సీజన్ అని పిలుచుకునే ఈ బురద కాలం బోస్టన్ చుట్టుపక్కల సాధారణంగా మార్చి మధ్యలో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది; వెర్మాంట్ కొండల మీద మే నెలాఖరు దాకా సాగుతుంది. బోస్టన్ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి గంటల తరబడి కారు నడిపినా, మార్చిలో ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న అడవి వైపు తొంగిచూడటం తక్కువ. బూట్లు పాడవుతాయనీ, చూడటానికి ఏమీ ఉండదనీ, చలి ఇంకా పోలేదనీ వారు చెప్పే కారణాల్లో మొదటిది నిజం, మూడోది సగం నిజం, రెండోది పూర్తిగా తప్పు. అడవి తన లోపలి పనితీరును ఇంత బాహాటంగా చూపే కాలం ఏడాదిలో మరొకటి లేదు. అయితే దాన్ని చూడాలనుకునేవారు ఎప్పుడు బయలుదేరాలి, ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలను తమ తీరికను బట్టి కాక నేల స్థితిని బట్టి తీసుకోవడం నేర్చుకోవాలి. ఈ అధ్యాయమంతా ఆ నేర్పు గురించే.

ముందుగా బురద ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. మంచు కరిగిన నీరు ఎక్కువవడం వల్లే బురద అవుతుందని అనుకోవడం సహజం గాని, అసలు చిక్కు ఆ నీటికి దిగే దారి లేకపోవడంలో ఉంది. చలికాలమంతా నేల పైనుంచి కిందికి గడ్డకడుతూ పోతుంది. వసంతంలో అది కరగడమూ ప్రధానంగా పైనుంచే మొదలవుతుంది కాబట్టి, పై నాలుగు వేళ్ల మందం మట్టి మెత్తబడి నీటితో నిండిన రోజున కూడా దాని అడుగున గడ్డకట్టిన పొర ఆ నీటిని కిందికి పోనివ్వక అడ్డుపడి ఉంటుంది. నడకబాట మీద ఈ చిక్కు మరీ ఎక్కువ. అడవి లోపల వదులుగా పడిన మంచూ, దాని కింద పేరుకున్న రాలుటాకులూ నేల వేడిని పట్టి ఉంచుతాయి కనుక అక్కడ నేల అంత లోతుకు గడ్డకట్టదు. బాట మీద మాత్రం నెలల తరబడి నడిచినవారి కాళ్ల కింద మంచు అణిగి, దానిలోని గాలి అరలు పోయి, చలి సులువుగా కిందికి దిగుతుంది. అందువల్ల పక్కన ఆకులు ఆరి గలగలలాడే రోజుల్లో కూడా బాట చిత్తడిగానే మిగిలిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది బాట దిగి పక్కనున్న పొడినేల మీదికి మళ్లుతారు. దానివల్ల జరిగే నష్టం ప్రస్తావన కాసేపట్లో వస్తుంది.

గడ్డకట్టడం నేలను ఎలా మారుస్తుందో కాస్త వంగి చూడాలి. నీరు మంచుగా మారినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, కాని నేల ఉబ్బడానికి అదొక్కటే కారణం కాదు. సన్నని మట్టి రేణువుల నడుమ ఉన్న ఇరుకు సందుల గుండా కింది నీరు గడ్డకడుతున్న చోటికి ఎగబాకుతూనే ఉంటుంది. సన్నని సందుల్లో నీరు దానంతటదే పైకి పాకే ఈ ధర్మాన్ని కేశనాళికీయత అంటారు. అలా చేరిన నీరు పలకలు పలకలుగా గడ్డకట్టి పైనున్న మట్టిని ఎత్తుతుంది. మార్చి నెల ఉదయాల్లో బాట అంచున ఉబ్బినట్టున్న మట్టిపెళ్లను బూటు కొసతో కదిపితే ఇది కంటికే కనిపిస్తుంది: పెళ్ల కింద అగ్గిపుల్ల మందమైనా లేని మంచు సూదులు వందలాదిగా నిటారుగా నిలబడి, ఒక్కొక్కటి తలమీద మట్టి రేణువునో, చిన్న గులకరాయినో, ఓక్ కాయ మీది చిప్పనో మోస్తూ ఉంటాయి. అడుగు వేస్తే కరకరమని విరుగుతాయి. ఎండ తగిలే వేళకు అవి ఒక పక్కకు ఒరిగి కూలిపోయి, మోసిన మట్టిని మునుపున్న చోట కాక కాస్త పల్లంలో దించుతాయి. రాత్రి లేచి పగలు కూలే ఈ సూదుల వల్ల వారాల తరబడి బాట మీది మట్టి పట్టు సడలుతూ వస్తుంది. అటువంటి నేల మీద పడిన బూటు, వేసవిలో గట్టినేల మీద పడిన బూటు కన్నా ఎంతో ఎక్కువ హాని చేస్తుంది.

నల్లరేగడి సేద్యం తెలిసిన తెలుగు రైతుకు ఇందులో కొత్త ఏమీ ఉండదు. వాన వెలిసిన మర్నాడే అతడు రేగడిలో అరక కట్టడు; కడితే మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచి, ఎండాక రాయై, ఆ పంటకాలమంతా పీడిస్తుందని తెలుసు కాబట్టి పదునుకు వచ్చేదాకా ఆగుతాడు, పిడికెడు మట్టి పిండి చూసి గాని చేలోకి దిగడు. న్యూ ఇంగ్లండ్ అడవి బాటకు సరిగ్గా ఆ పరీక్షే సరిపోతుంది. బాట మొదట్లోనే కాస్త మట్టి తీసి పిడికిట్లో నొక్కినప్పుడు ముద్ద నిగనిగలాడుతూ నీరు కారుస్తుంటే ఆ రోజుకు ఆ బాట వద్దని, బొటనవేలితో తాకగానే పొడిపొడిగా విచ్చుకుంటే నడవచ్చని గ్రహించాలి. మట్టి ముట్టుకోవడం ఇష్టం లేనివారు పది పన్నెండు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూడవచ్చు; అడుగుజాడ బూటు అట్ట మందానికి మించి దిగి, అందులో నీరూరుతుంటే నేల ఇంకా సిద్ధంగా లేనట్టే. తడిసిన మట్టి మీద బరువు పడితే రేణువుల మధ్య గాలీ నీరూ తిరిగే ఖాళీలు నలిగి మూసుకుపోతాయి. అలా బిగుసుకుపోయిన నేలలో చెట్ల వేళ్లకు గాలి అందదు, వాననీరు ఇంకక బాట వెంటే పారి కోత పెడుతుంది. వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లో ఓపిక ఒక మానసిక గుణంగా, సంకల్పంతో పెంచుకోవలసినదిగా కనిపిస్తుంది. రైతు ఓపికకు సంకల్పంతో పెద్దగా పని లేదు, అది చేతిలోని మట్టిముద్ద చెప్పిన సమాచారాన్ని ఒప్పుకోవడమే. బురద కాలపు నడకకు ఈ రెండో రకం ఓపిక ఎక్కువగా పనికివస్తుంది.

ఏ అడవిని ఎంచుకోవాలన్నది అక్కడి నేల పుట్టుకను బట్టి తేలుతుంది. గత మంచుయుగంలో ఈ ప్రాంతమంతా హిమానీనదం, అంటే తన బరువుకు తానే మెల్లగా జారే మహా మంచురాశి, కింద ఉండేది. అది వెనక్కి తగ్గుతూ కొన్నిచోట్ల బంకమన్నూ రాళ్లూ కలగలిసిన బిగువైన మిశ్రమాన్ని, మరికొన్నిచోట్ల కరిగిన నీరు కడిగి పేర్చిన ఇసుక, గులకరాళ్ల మేటలను వదిలిపోయింది. మొదటి రకం నేలలో నీరు నిలుస్తుంది, రెండో రకం నేల త్వరగా ఆరుతుంది. బోస్టన్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాంకర్డ్ పట్టణంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1845లో కుటీరం కట్టుకుని రెండేళ్లకు పైగా నివసించిన వాల్డెన్ చెరువు, హిమానీనదం నుంచి విడివడిన మంచుగడ్డ ఇసుక మేటలో కూరుకుపోయి కరిగాక మిగిలిన గుంట. దాని చుట్టూ ఉన్న బాటలు ఇసుక నేల మీదివి కావడంతో తొందరగా ఆరి నడకకు అనువవుతాయి. అదే పట్టణానికి ఉత్తరాన వెయ్యి ఎకరాలకు పైబడి విస్తరించిన ఎస్టాబ్రుక్ అడవిలో పాత పొలాల రాతిగోడల నడుమ చిత్తడి పల్లాలు అనేకం ఉన్నాయి కాబట్టి అక్కడ మరింత నిదానించాలి. థోరో 1854లో వెలువరించిన ‘వాల్డెన్’లో వసంతం గురించిన అధ్యాయంలో, రైలుమార్గం కోసం తవ్విన గట్టు మీద కరుగుతున్న ఇసుకా బంకమన్నూ ఆకుల ఆకారంలో జారడాన్ని పేజీల కొద్దీ వర్ణించాడు, బురద గురించి అంత శ్రద్ధగా, అంత ఇష్టంగా రాసినవారు అరుదు.

ఒకే అడవిలో కూడా నేల అంతటా ఒకే రోజున ఆరదు. ఈ అక్షాంశాల్లో సూర్యుడు దక్షిణం వైపుగా నడుస్తాడు కనుక గుట్టకు దక్షిణపు వాలు ముందుగా తేలిపోతుంది, అదే గుట్ట ఉత్తరపు వాలు మీద మోకాటి లోతు మంచు మిగిలి ఉండవచ్చు. రోజులో వేళలకూ అంతే తేడా ఉంటుంది. రాత్రి గడ్డకట్టిన బాట సూర్యోదయం తర్వాత రెండు మూడు గంటల పాటు మనిషి బరువును మోస్తుంది. అదే బాట మధ్యాహ్నానికి పాయసంలా తయారవుతుంది. అందువల్ల గడ్డకట్టిన వేళ లోపలికి వెళ్లి, మెత్తబడక ముందే బయటికి వచ్చేలా చిన్న నడకను ఎంచుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. వాగులు దాటేవారు ఇదే లెక్కను మరింత గట్టిగా పాటించాలి, ఎందుకంటే పగటి ఎండకు కరిగిన మంచు సాయంత్రానికి వాగులోకి చేరుతుంది, ఉదయం రాళ్ల మీద అడుగులేసి దాటిన చోట తిరుగు ప్రయాణంలో నీరు పిక్కల దాకా రావచ్చు. చెరువుల మీది మంచు విషయంలో మినహాయింపులేవీ లేవు: జనవరిలో మనుషులను మోసిన మంచు ఈ కాలానికి మందంగా కనిపిస్తూనే లోపల నిలువు కడ్డీలుగా విడిపోయి, బరువు పడగానే విచ్చిపోతుంది, కాబట్టి దాని మీద కాలు పెట్టకూడదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఈ నడకలో సగమే పనికివస్తుంది. బయలుదేరక ముందు అది మంచి సలహా; నేల సిద్ధంగా లేకపోతే ఇంటి వీధుల్లోనో, రాతి పొడి పరిచిన పాత రైలుమార్గపు బాట మీదనో నడిచి రావడం మేలు. కాని బాట ఎక్కాక మధ్యలో బురద ఎదురైతే దాన్ని తొక్కుకుంటూ నడుమనుంచే పోవాలి, కాలు ఇంటికి వచ్చి కడుక్కోవాలి. బురదను తప్పించుకుని పక్కకు నడిచిన ప్రతివారూ బాటను కొంత వెడల్పు చేస్తారు, తరువాత వచ్చినవారు ఆ కొత్త అంచు కూడా బురదై ఉండటం చూసి మరికొంత పక్కకు జరుగుతారు. ఒక మనిషి పట్టే బాట కొన్నేళ్లకు బండి బాట అవుతుంది, ఆ మేర మొలకలూ వేళ్లూ నలిగి చస్తాయి. తడిచోట్ల రెండు దుంగల మీద పలకలు పరిచి కట్టిన చిన్న చెక్కవంతెనలు ఉంటే వాటి మీదుగానే వెళ్లాలి. వెర్మాంట్‌లో ఈ విషయం నడిచేవారి మర్యాదకే మిగలక అధికారిక విన్నపంగా మారింది. అక్కడ 1910లో ఏర్పడిన గ్రీన్ మౌంటెన్ క్లబ్, రాష్ట్రం పొడవునా 270 మైళ్లకు పైగా సాగే లాంగ్ ట్రయల్‌ను సంరక్షిస్తుంది. ఎత్తైన చోట్ల నేల ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే వారాంతం దాకా అటువంటి బాటలకు దూరంగా ఉండమని ఆ క్లబ్బూ, రాష్ట్ర అటవీ శాఖా ఏటా కోరుతాయి. ఎంతో దూరం కారు నడిపి వచ్చామన్న కారణం చాలామంది చేత ఆ విన్నపాన్ని పెడచెవిన పెట్టిస్తుంది. దగ్గరి అడవిని ఎంచుకోవడంలో ఉన్న అసలు లాభం ఇక్కడే, అడవి గుమ్మం నుంచి వెనక్కి తిరగడం ఏమంత కష్టమనిపించదు.

దుస్తుల గురించి చెప్పవలసింది తక్కువ. పిక్కల దాకా వచ్చే రబ్బరు బూట్లు, లోపల ఉన్ని మేజోళ్లు, ఒకటి రెండు పొరలుగా ఉన్ని లేదా సింథటిక్ చొక్కాలు, పైన గాలివాన ఆపే కోటు చాలు. నూలు బట్ట, జీన్స్ ప్యాంటుతో సహా, వద్దు. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది, శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు పడిపోయే హైపోథెర్మియా అనే ప్రమాదం గడ్డకట్టే చలిలోనే కాక, తడిసిన మనిషికి 5, 10 డిగ్రీల వాతావరణంలో కూడా వస్తుంది. చలికాలపు అడుగుల కింద అణిగిన మంచు చుట్టూ ఉన్నదంతా కరిగాక కూడా బాట నడుమ సన్నని గట్టులా మిగులుతుంది, నడిచేవారు దాన్ని మోనోరైల్ అంటారు. దాని మీద జారకుండా బూట్లకు తొడుక్కునే చిన్న ఇనుప పళ్ల పట్టీలు, మైక్రోస్పైక్స్, ఉపయోగపడతాయి. ఆ గట్టు మీదినుంచి కాలు తప్పి మెత్తని మంచులో తొడ దాకా దిగబడటాన్ని పోస్ట్‌హోలింగ్ అంటారు. ఒకసారి జరిగితే నవ్వులాట, పదే పదే జరుగుతుంటే వెనక్కి తిరగమనే సూచన.

ఇంత జాగ్రత్తతో వెళ్లినవారికి అడవి ఏమి చూపిస్తుందన్నది అసలు ప్రశ్న. చిత్తడి అంచుల్లో, మంచు ఇంకా ఉండగానే, ముదురు ఊదా రంగు మీద పచ్చని చారలున్న దొప్పలు నేలలోంచి పొడుచుకు వస్తాయి; ఒక్కొక్కదాని చుట్టూ మంచు గుండ్రంగా కరిగి ఉంటుంది. ఇది స్కంక్ క్యాబేజీ అనే మొక్క పువ్వు. దొప్ప లోపల ఉన్న బొడిపె, దుంపలో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేసి, చుట్టూ ఉన్న గాలి కన్నా 15 డిగ్రీలు, అంతకు మించి కూడా, వెచ్చగా తన్ను తాను ఉంచుకోగలదు. వృక్షాల్లో అరుదైన ఈ శక్తిని తాపజననం అంటారు. ఆ వేడికి తోడు కుళ్లిన మాంసం వంటి వాసన వ్యాపించి, మరే పువ్వూ లేని రోజుల్లో బయటికి వచ్చిన ఈగలను పిలుస్తుంది. తెలుగు వంటింటికి ఈ మొక్క దూరపు చుట్టమే: కంద, చేమ ఉన్న వృక్షకుటుంబమే దీనిదీ, కంద పువ్వు కూడా పూసినప్పుడు వేడెక్కి దుర్గంధం వెదజల్లుతుంది, నోటికి దురద పుట్టించే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు రెండింటిలోనూ ఉంటాయి. చుట్టరికం చూసి కూర వండాలనుకోవడం మాత్రం తగదు.

బురద కాలపు అడవికి కేంద్రం వర్నల్ పూల్. మంచు కరిగిన నీరూ, వసంతపు వానలూ పల్లాల్లో నిలిచి ఏర్పడి, వేసవి ముగిసేలోగా ఎండిపోయే తాత్కాలిక మడుగును ఆ పేరుతో పిలుస్తారు. ఏటా ఎండిపోవడమే దాని విలువ, ఎందుకంటే ఎండే నీటిలో చేపలు బతకవు, చేపలు లేని నీటిలోనే కొన్ని జీవుల గుడ్లు భద్రంగా ఉంటాయి. వాటిలో వుడ్ ఫ్రాగ్ అనే అడవికప్ప ముందుగా వస్తుంది. అది చలికాలాన్ని రాలుటాకుల కింద, నేల పైభాగంలోనే గడుపుతుంది. ఒంట్లోని నీటిలో 60 శాతానికి పైగా మంచుగా మారినా, గుండె ఆగిపోయినా చావదు, ఎందుకంటే గడ్డకట్టడం మొదలవగానే దాని కాలేయం పెద్దమొత్తంలో గ్లూకోజును రక్తంలోకి వదిలి, కణాల లోపలి నీరు గడ్డకట్టకుండా కాపాడుతుంది. మంచు కరిగిన కొద్ది రోజుల్లోనే మగకప్పలు మడుగులో చేరి అరుస్తాయి. ఆ అరుపు బాతుల గోలలా వినిపిస్తుంది కనుక, బాతులు లేని అడవిలో బాతుల సందడి వినబడితే ఆ దిక్కున మడుగు ఉందని పోల్చుకోవచ్చు. మనిషి అలికిడికి గోల ఒక్కసారిగా ఆగిపోతుంది. కదలకుండా కొన్ని నిమిషాలు నిలబడితే ఒక కప్ప, ఆపైన మరొకటి, మళ్లీ అందుకుంటాయి.

రెండో అతిథి మచ్చల సాలమాండర్. బల్లి ఆకారంలో ఉన్నా తడి చర్మం గల ఉభయచరమైన ఈ జీవి నల్లని ఒంటి మీద రెండు వరుసల పసుపు మచ్చలతో, జానెడు పొడవు దాకా ఉంటుంది. 20 ఏళ్ల వరకు బతకగలదు. ఏడాదిలో దాదాపు మిగతా కాలమంతా నేలలోని బొరియల్లో గడిపి, మార్చి చివరలోనో ఏప్రిల్ మొదట్లోనో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పైగా ఉండే మొదటి వానరాత్రి గుంపులుగా బయలుదేరి తాను పుట్టిన మడుగుకే నడుస్తుంది. ప్రకృతి ప్రేమికులు బిగ్ నైట్ అని పిలుచుకునే ఆ రాత్రి రోడ్లు దాటుతూ ఎన్నో సాలమాండర్లు కార్ల చక్రాల కింద నలిగిపోతాయి. మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ పట్టణంలో హెన్రీ స్ట్రీట్ కింద 1987లో వాటి కోసమే రెండు చిన్న సొరంగాలు నిర్మించారు. సొరంగం లేని చోట్ల స్వచ్ఛంద కార్యకర్తలు టార్చిలైట్లు పట్టుకుని వాటిని దాటిస్తారు. మడుగు దగ్గర కెమికల్ దోమల మందు, సన్‌స్క్రీన్ పూసుకున్న చేతులతో వాటిని ముట్టుకోకూడదు, వాటి చర్మం పీల్చుకునే గుణం కలది. నీళ్లలోకి దిగకూడదు కూడా.

గట్టు మీద వంగి చూస్తే గుడ్ల ముద్దల్లో తేడా తెలుస్తుంది. కప్ప గుడ్ల ముద్ద పైభాగం ఎగుడుదిగుడుగా, ప్రతి గుడ్డూ విడిగా తెలిసేలా ఉంటుంది. సాలమాండర్ గుడ్ల ముద్ద చుట్టూ మాత్రం మందమైన జిగురు పొర ఒకటి అదనంగా ఉండి, పుల్లకు అంటుకుని గట్టిగా నిలుస్తుంది. కొన్ని వారాల తరువాత ఆ రెండో రకం ముద్దకు లేత ఆకుపచ్చ రంగు వస్తుంది, అది గుడ్లు పాడైన గుర్తు కాదు. గుడ్డులో ఒక రకం శైవలం, అంటే సూక్ష్మమైన నాచు, పెరుగుతూ పిండం విడిచే వ్యర్థాలను తీసుకుని ఆక్సిజన్‌ను ఇస్తుంది. ఆ శైవలం పిండపు కణాల లోపలికి కూడా చేరుతుందని 2011లో వెలువడిన పరిశోధన చూపింది. వెన్నెముక గల జీవుల్లో అటువంటి సహజీవనం అంతకు ముందు తెలియదు. ఈ గుడ్ల ఫోటోలూ, మడుగు ఉన్న చోటు వివరాలూ పంపితే మసాచుసెట్స్ ప్రభుత్వ వన్యప్రాణి విభాగం పరిశీలించి ఆ మడుగును ధ్రువీకరిస్తుంది. ధ్రువీకరణతో దానికి చట్టపరమైన రక్షణ బలపడుతుంది, ఆ పనికి శాస్త్రవేత్త కావలసిన అవసరం లేదు.

మడుగు చుట్టూ నేల ఆరేసరికి ఏప్రిల్ చివర, మే మొదట్లో, వసంతపు అల్పకాలిక పూలు వస్తాయి. చెట్లకు ఆకులు వచ్చి నీడ కమ్మక ముందు దొరికే కొద్ది వారాల వెలుగులోనే చిగురించి, పూచి, విత్తు కట్టి, మళ్లీ దుంపలోకి ముడుచుకుపోయే మొక్కలను ఇలా అంటారు. ట్రౌట్ లిలీ, బ్లడ్‌రూట్, ట్రిలియం వీటిలో తరచుగా కనిపించేవి. ట్రిలియం విత్తు మొలిచి తొలి పువ్వు పూయడానికి ఏడెనిమిదేళ్లు పట్టవచ్చు, దాని విత్తనాలను కొవ్వుపదార్థం ఉన్న చిన్న తునక కోసం చీమలు మోసుకుపోయి నాటుతాయి. పువ్వు కోయకూడదన్న మాట ఇక్కడ వేరే చెప్పనక్కర్లేదు. థోరో 1850 దశకంలో కాంకర్డ్ చుట్టుపక్కల వందలాది మొక్కల తొలి పూత తేదీలు రాసిపెట్టాడు. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ప్రైమాక్, ఆయన సహచరులు అవే చోట్ల మళ్లీ గమనించి, పూత సగటున వారం రోజుల మేర ముందుకు జరిగిందని తేల్చారు. చెట్లు ఆకు తొడగడం అంతకన్నా ఎక్కువగా, సుమారు రెండు వారాలు, ముందుకు జరిగిందని తరువాతి అధ్యయనం చూపింది కాబట్టి నేల మీది పూలకు దొరికే వెలుగు కాలం కుంచించుకుపోతోంది.

ఈ వివరాలన్నీ ఒక్క నడకలో కనిపించవు, కనిపించాలని ఆశించినవారు నిరాశతోనే తిరిగి వస్తారు. ఒకే బాటను, అరగంటలో ముగిసేదాన్ని, వారానికి ఒకసారైనా నడుస్తూ, నాలుగైదు చోట్ల ఆగి చూడటం అలవాటు చేసుకున్నవారికి మాత్రం వారం వారం తేడా తెలుస్తుంది: ఉత్తరపు వాలు మీద మంచు ఎంత మిగిలింది, మడుగు అంచు ఏ రాయి దాకా వచ్చింది, కప్పలు మొదలుపెట్టాయా, దొప్పలు విచ్చుకున్నాయా. తేదీ, ఉష్ణోగ్రత, రెండు వాక్యాలు ఫోనులోనో నోటుపుస్తకంలోనో రాసుకుంటే చాలు. పిల్లలను తీసుకువెళ్లేవారు గమ్యాన్ని చెప్పకపోవడం మంచిది. శిఖరం, జలపాతం అని ముందే చెప్తే వారి చూపు అక్కడే ఉంటుంది, మంచు సూదులు విరగ్గొట్టడానికి పది నిమిషాలు కూర్చోనిస్తే వారే ప్రశ్నలు వేస్తారు. తెలుగు మధ్యతరగతి పెంపకంలో బట్టలు మట్టి కాకుండా ఇంటికి రావడానికి ఉన్న ప్రతిష్ఠను ఈ వారాల పాటు పక్కన పెట్టవలసి ఉంటుంది. కారు డిక్కీలో ఒక ప్లాస్టిక్ తొట్టి, ఒక పాత తువ్వాలు, మార్చుకునే మేజోళ్లు ఉంచుకుంటే ఆ సమస్య చాలావరకు తీరుతుంది.

రెండు హెచ్చరికలు మిగిలాయి. ఆకులు లేని కాలమైనా పాయిజన్ ఐవీ అనే తీగ కాండంలో చర్మాన్ని పొక్కించే నూనె ఉంటుంది. జీడి, మామిడి కుటుంబానికే చెందిన ఈ తీగ చెట్టు మానుకు ముదురు గోధుమ రంగు వెంట్రుకల వంటి వేళ్లతో అంటుకుని పాకుతుంది, కాబట్టి జారేటప్పుడు పట్టుకోవడానికి వెంట్రుకల తీగ ఉన్న చెట్టును ఎంచుకోకూడదు. రెండోది, ఇంతకన్నా ముఖ్యమైనది, పిడుదు. లైమ్ వ్యాధిని, అంటే కనెక్టికట్‌లోని లైమ్ పట్టణం పేరు మీద వ్యవహరించే బాక్టీరియా జబ్బును, మనుషులకు అంటించే నల్లకాళ్ల పిడుదు ఉష్ణోగ్రత 4 డిగ్రీలు దాటితే చాలు, మంచు మధ్యనైనా చురుగ్గా తిరుగుతుంది. పెద్దది నువ్వుగింజంత, పిల్ల దశలోది గసగసాల గింజంత ఉంటుంది. ప్యాంటు అంచును మేజోళ్లలోకి దోపుకుని నడవాలి. ఇంటికి రాగానే బట్టలను డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పి, రెండు గంటల లోపు స్నానం చేసి, మోకాళ్ల వెనుక, నడుము చుట్టూ, చంకల్లో, చెవుల వెనుక, తలవెంట్రుకల్లో వెతకాలి. ఎక్కడైనా పట్టుకుని ఉంటే సన్నని మొన గల పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వంటి ఇంటి చిట్కాలు పనిచేయవు. బాక్టీరియా ఒంట్లోకి చేరడానికి సాధారణంగా ఒక రోజుకు పైగా అది అంటిపెట్టుకుని ఉండాలి కనుక అదే రోజు తీసేస్తే ముప్పు చాలా తక్కువ. తీసిన తేదీ రాసిపెట్టుకుని, తరువాతి 30 రోజుల్లో జ్వరం గాని, కీళ్ల నొప్పులు గాని, కరిచిన చోట వలయంలా పెరిగే ఎర్రమచ్చ గాని కనిపిస్తే ఆ తేదీతో సహా డాక్టరుకు చెప్పాలి.